రెండో తాళంచెవి

బాలిక్చీలో సరస్సు గాలి తెల్లవారకముందే లేస్తుంది.
రేకుల షెడ్డు ఆ గాలికి పళ్ళు పటపటలాడిస్తుంది.
నాది బొగ్గు లారీ. కరాకెచె గని నుంచి
ఇరవై ఐదు టన్నులు నెత్తినేసుకుని
కిజార్త్ కనుమలో ముల్లు ఎర్రగీత దాటిన ప్రతిసారీ
ఆగి, ఆవిరి కక్కి, మళ్ళీ కదిలి
ఎలాగో ఇక్కడిదాకా వచ్చింది.

"ఇంజిన్ ఆపి ఎంతసేపయింది?"
జిపార్‌కుల్ ఎజె పలకరింపు ఎప్పుడూ ఇదే.
గంట, అన్నాను. పావుగంటే అయింది.
ఆమె అరచెయ్యి రేడియేటరు ముందు గాలిలో నిలిపింది.
జ్వరం చూసే తల్లిలా కాదు,
అరువు అడిగేవాణ్ణి చూసే కొట్టుయజమానిలా.
"నీ అబద్ధం ఇంకా వేడిగానే ఉంది. టీ తాగు."

తాగాను. మూడు గిన్నెలు.
నారిన్‌లో బడి పొయ్యికి బొగ్గు లేదని
ఫోను రెండుసార్లు మోగింది.
"ఒక్కసారి స్టార్ట్ చేసి చూపిస్తానక్కా, చప్పుడు వింటే
నీకే తెలుస్తుంది" అన్నాను.
వినపడనట్టు చక్రాలకి దిమ్మెలు పెట్టింది.
తాళంచెవి అడిగి తీసుకుని, జేబులో వేసి, జిప్పు లాగింది.
బ్యాటరీ తీగ విప్పి కొసకి గుడ్డ చుట్టింది.
తలగుడ్డ అంచులు జాకెట్టు లోపలికి దోపింది.
పెళ్ళి ఉంగరం తీసి చక్కెర గిన్నెలో పడేసింది.
అప్పుడు, నా వైపు తిరగకుండానే,

"రెండోది?"

"రెండోదేంటి?"

"డ్రైవరన్నవాడికి రెండో తాళంచెవి ఉంటుంది.
సీటు కిందో, బూటులోనో, పెళ్ళానికి తెలియని చోట."

బూటు విప్పాను.
మేజోటి చిరుగు ఇద్దరం చూశాం.

ఆ తర్వాతే ఆమె చెయ్యి లోపలికి వెళ్ళింది.
ఫ్యానుని ఒక్క తోపు తోసి వదిలింది.
అది తిరిగింది, తిరిగింది, సంతలో పిల్లాడి రంగులరాట్నంలా.
"ఇలా తేలిపోకూడదు. చిక్కటి జావలో గరిటె తిప్పినట్టుండాలి.
నీ క్లచ్చులో నూనె ఎప్పుడో కారిపోయింది."
నిజమే, చుట్టూ నల్లటి జిడ్డు, దానిమీద బొగ్గుపొడి.
నేనూ సాయం పడదామని రెక్క పట్టుకుని
ఇంజిన్ని కాస్త తిప్పబోయాను.
చేతిమీద ఒక్కటి పడింది.
"అది పిడి కాదు."

ఒక్కో రెక్కా కొస నుంచి మొదలు దాకా
గోటితో గీరుకుంటూ పోయింది.
ఐదో రెక్క దగ్గర గోరు తట్టుకుంది.
వెంట్రుకంత గీత. దుమ్మన్నాను.
తుడిచింది. పోలేదు.
"వెల్డింగు పెడితే?"

ఆమె గోడ వైపు గడ్డం ఎత్తింది.
రేకులో జానెడు చీలిక, సరిగ్గా నా గొంతు ఎత్తున.
"వెల్డింగు పెట్టిన రెక్కే అది. ఏడేళ్ళయింది.
అక్కడ నిలబడ్డ కుర్రాడు రొట్టె తేవడానికి వెళ్ళాడు.
లేకపోతే ఈ చీలిక రేకుకి ఉండేది కాదు."

దాన్ని ఆమె పూడ్చలేదు.
చలికాలం అందులోంచి మంచు పడుతుంది, తిట్టుకుంటూ ఊడుస్తుంది.
పదింటికి మాత్రం ఓ ఎండబద్ద దూరి
లారీ ముక్కు మీద వాలుతుంది.
గీతలు వెతకడం ఆ వేళకే పెట్టుకుంటుందట.

కొత్త ఫ్యాను, కొత్త క్లచ్చు బిష్కెక్ నుంచి
రావడానికి రెండు రోజులు.
నారిన్‌కి ఫోను చేసి నిజం చెప్పాను.
అవతల చాలాసేపు గాలి చప్పుడే వినిపించింది.

మూడో రోజు. బోల్టులన్నీ ఎదురెదురుగా బిగించి
రెక్కకీ తొడుగుకీ మధ్య సందులో వేలు పెట్టి చుట్టూ చూసి
పనిముట్లు లెక్కబెట్టి, ఒక పానా తగ్గిందని
మళ్ళీ లెక్కబెట్టి, నా కాలి కిందే ఉందని తిట్టి,
బ్యాటరీ తీగ కలిపింది.
తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఒక్కటే.
తను పక్కకి జరిగింది,
రెక్కలు తిరిగే గీటుకి దూరంగా.

ఇంజిన్ అందుకుంది. గొంతు సవరించుకున్న ముసలాడిలా
ఓ దగ్గు, తర్వాత మాట.

"రెండోది?" ఈసారి అడిగింది నేను.

గోడకి మేకు. మేకుకి తాళంచెవుల గుత్తి,
ఇరవయ్యో, ముప్పయ్యో.
చీలిక గాలికి ఒకదాన్నొకటి తాకుతున్నాయి.

"మళ్ళీ వస్తావుగా," అంది,
చక్కెర గిన్నెలో ఉంగరం వెతుక్కుంటూ.